చెంబు చెప్పిన చుట్ట

మా మామయ్య నరసింహమూర్తి గారికి పొలం లేదు, సొంత ఇల్లు లేదు, పింఛను లేదు. ముక్కు మాత్రం ఉంది.

పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఆ ముక్కు తెలియని వాళ్ళు లేరు. మా వరుసలో ఎవరి ఇంటికి దారి అడిగినా "ముక్కు గారి ఇల్లు దాటాక" అనో "ముక్కు గారి ఇంటికి ఎదురుగా" అనో చెప్పేవారు. మా ఆయన సత్తిబాబు ఆ ఫ్యాక్టరీలోనే మెషినిస్టు. లేతు మీద ఇనుముని వెన్నలా కోస్తాడని పేరున్నా, గేటు దగ్గర మాత్రం ముక్కు గారి అబ్బాయి అంటేనే గుర్తుపట్టేవారు. ఆయన దానికి బాధపడేవారు కాదు. పడినా షిఫ్టు డ్యూటీలో అంత తీరిక ఉండేది కాదు.

గోదావరి వైపు నుంచీ విశాఖ వైపు నుంచీ ఉద్యోగాలకొచ్చి స్థిరపడిన వాళ్ళం కదా, ఊరి నుంచి ఎవరు వచ్చినా రెండు తెచ్చేవారు. ఆడవాళ్ళకు ఊరగాయ జాడీలు, మగవాళ్ళకు చుట్టల కట్టలు. ఊరగాయకు పేర్లు పెట్టడానికి ప్రతి వంటింట్లోనూ ఒకరున్నారు. చుట్టకు మాత్రం మామయ్య ఒక్కరే. వయసులో ఉన్నన్నాళ్ళూ గోదావరి లంకల్లో ఒక పొగాకు వర్తకుడి కొట్టంలో ఆకు ఏరి మేలిమి, మధ్యరకం, నాసి అని వేరు చేసిన మనిషి. సాయంత్రమైతే మా వరండాలో బెంచీ నిండేది. వచ్చినవాళ్ళు జేబులోంచి చుట్ట తీసి రెండు చేతులతో ఇచ్చేవారు. మామయ్య దేవుడి ముందు కూడా కళ్ళు మూసుకోరు గానీ చుట్ట ముందు మూసుకునేవారు. ముక్కుతో ఒక పొడుగు పీల్పు పీల్చి, కాసేపు ఆగి చెప్పేవారు.

"ఇది పెద్ద వరద తర్వాత ఒండ్రు మీద పెరిగిన ఆకండీ. కోసిన ఏడాదే చుట్టలేదు. రెండు వానాకాలాలు గడ్డిలో కట్టిపెట్టి, అప్పుడు చుట్టారు. దాచుకోండి. అల్లుడు గారు వస్తే ఇవ్వండి."

లేకపోతే, "ఇది లంకాకు కాదండీ. లంకాకు పక్కన లారీలో ప్రయాణం చేసిన ఆకు."

అందరూ నవ్వేవారు. చుట్ట తెచ్చినవాడూ నవ్వేవాడు. ఆ తిట్టు తిన్నా గొప్పే.

ఇంట్లో మాత్రం ఆ ముక్కుతో మా అత్తయ్య వెంకటరమణమ్మ గారికి పెళ్ళైన నాటి నుంచీ యుద్ధం. అత్తయ్యది విజయనగరం అవతల పల్లె. అక్కడ ఆడవాళ్ళు చుట్టను తిరగేసి కాలుస్తారు. వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి, పనిచేసుకుంటూనే పొగ పీలుస్తారు. అడ్డపొగ అంటారు. నిప్పు లోపలుంటుంది కాబట్టి గాలికి ఆరదు, చూసేవాళ్ళకు కనపడదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో అత్తయ్య నోట్లోంచి పొగ రావడం చూసి, పంటిపోటుకు ఏదో నాటు వైద్యం చేయించుకుంటున్నారనుకున్నాను.

మామయ్యకు ఆ పద్ధతంటే పరమ అసహ్యం. "నిప్పు మింగే మనిషికి ఆకు రుచేం తెలుస్తుందమ్మా కనకం" అనేవారు నాతో, అత్తయ్యకు వినపడేలా. ఇంట్లో ఏ మూల వెలిగించినా వరండాలో ఆయన ముక్కుకు తెలిసిపోయేది. అందుకని అత్తయ్యకు పెరట్లో స్నానాల రాయి పక్కన, బొగ్గుల బూడిద పోసే చోట ఒక ముక్కాలిపీట వేశారు. ఎండైనా వానైనా ఆవిడ చుట్ట అక్కడే. వానొస్తే నెత్తిన గోనెసంచి కప్పుకుని కాల్చేవారు. పెదవుల మధ్య నుంచి పొగ, సంచి మీద నుంచి నీళ్ళు.

అరవై తొమ్మిది చివర చలికాలంలో కాలనీ అంతా ఫ్లూ జ్వరాలు వచ్చాయి. మామయ్యా పడ్డారు, లేచారు. లేచాక ఒక ఉదయం వంటింటి గడప మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. నేను వీధి కుళాయి దగ్గర బిందెతో నిలబడ్డాను. పొయ్యి మీద పాలు పొంగి, బొగ్గుల మీద పడి, అడుగంటి మాడిపోయాయి. పెరట్లోంచి అత్తయ్య కేక వేశారు.

"ఒలే కనకం, పాలు మాడిపోతన్నాయి."

నేను పరుగెత్తుకొచ్చేసరికి ఇల్లంతా కమురు వాసన. పొయ్యికి మూరెడు దూరంలో మామయ్య పేపరు తిప్పుతున్నారు.

ఆ మర్నాడు ఆయన్ని కర్పూరం డబ్బాతో చూశాను. తర్వాత ఇంగువ. తర్వాత కిరసనాయిలు సీసా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, అలాగే నిలబడిపోయారు. నేను చూడటం ఆయన చూశారు.

"కల్తీ ఏమోనని చూస్తున్నానమ్మా" అన్నారు.

"ఆయ్ మామయ్యా" అన్నాను.

అంతకు మించి ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఏం మాట్లాడతాం. ఆ ముక్కు లేకపోతే ఆయన కొడుకు క్వార్టర్లో మంచం వేసుకున్న మరో ముసలాయన. అలాంటివాళ్ళు మా వరుసలో బోలెడు మంది. సాయంత్రం వాళ్ళ దగ్గరకు ఎవరూ రారు. రేషను బియ్యానికి క్యూలో నిలబెడతారు.

జ్వరం తగ్గిందని తెలిసి జనం మళ్ళీ చుట్టలు తెచ్చారు. మొదటి సాయంత్రం మామయ్య చుట్ట ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఎంతకీ తెరవలేదు. నుదుటి మీద చెమట. నేను మజ్జిగ తెచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఆ వాసన నాదాకా వచ్చింది. మా నాన్నది లంకలో పొగాకు సేద్యమే. మా ఊరి బడికి పక్కనే ఆకు ఆరబెట్టే పందిళ్ళు ఉండేవి. ఎనిమిదో తరగతి దాకా నేను చదివిన ఎక్కాలకూ పద్యాలకూ ఆ వాసనే ఉంటుంది. కాబట్టి మామయ్య చేతిలోది మంచి ఆకని నాకు తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు. మజ్జిగ పోసిన కళాయి ఇత్తడి చెంబు చుట్ట తెచ్చినాయన చేతికిచ్చి, కొంచెం ఎక్కువగా తల ఊపాను. మామయ్య ఒక కన్ను తెరిచి చూశారు.

"మేలిమండీ" అన్నారు.

మర్నాడు వచ్చినది చెమ్మకు పాడైన ఆకు. గాజు గ్లాసులో మజ్జిగ ఇచ్చాను, మొహం పక్కకు తిప్పుకుని.

"నాసి" అన్నారు మామయ్య. "మీ బావమరిది ఇచ్చాడా? ఆయనతో మీకేమైనా గొడవలున్నాయా?"

అప్పటి నుంచీ మా ఇంట్లో ఇత్తడి చెంబుకు మజ్జిగ పని తక్కువ, ముక్కు పని ఎక్కువ. చెంబైతే మేలిమి, గ్లాసైతే నాసి. మధ్యరకమైతే రెండూ తేకుండా "మజ్జిగ అయిపోయింది మామయ్యా" అనేదాన్ని. వరదలూ ఒండ్రూ అల్లుళ్ళూ బావమరుదులూ ఆయన సొంత కల్పన. నిజం చెప్పాలంటే ముక్కు ఉన్నప్పటి కంటే లేనప్పుడే ఆయన మాట ఇంకా పదునెక్కింది. చలి వెళ్ళి ఎండలు ముదిరినా ఎవరికీ అనుమానం రాలేదు.

అలా ఉండగా రాజారావు గారు వచ్చారు. ఆయన ఫ్యాక్టరీలో స్టోర్సు ఆఫీసరు. నట్టూ బోల్టూ ఎన్ని కొనమన్నా నిద్రలో కొంటారు గానీ, కానుక కొనమంటే జ్వరం వస్తుంది. యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు పని ముగించుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోతున్నాడట. ఆయనకు సిగార్లంటే ప్రాణమట. ఫ్యాక్టరీ పెద్ద దొరగారు పిలిచి, నిజమైన పాత ఫారిన్ సిగార్ల పెట్టె ఒకటి సంపాదించమన్నారట.

"సిగారంటే చుట్టే కదండీ" అన్నారు మామయ్య.

"చుట్టేనండీ. కానీ ఇంగ్లీషు చదువుకున్న చుట్ట" అన్నారు రాజారావు గారు దిగులుగా. "సంగారెడ్డి బజార్లో సోమేశ్వర్ సేఠు దగ్గర రెండు పెట్టెలున్నాయి. రెండూ అసలువేనంటున్నాడు. ఏది మంచిదో, ఏది ఎన్నేళ్ళదో నాకేం తెలుసు. మా కాలనీలో ఒక ఎక్స్‌పర్టు ఉన్నారు సార్, వాసన చూసి ఏ ఏటి ఆకో చెప్తారు అని పెద్ద దొరగారి దగ్గర అనేశాను. ఇప్పుడు వెనక్కి తీసుకోలేను."

"పెట్టెలు ఇక్కడికి తెప్పించండి. తీరుబడిగా చూద్దాం."

"సేఠు కొట్టు దాటనివ్వడండీ. రేపు పొద్దున జీపు తెస్తాను. మీరు ముక్కు పెట్టి ఊఁ అంటే చాలు."

మామయ్య నా వైపు చూశారు. గోడకు తగిలించిన క్యాలెండరు వైపు చూశారు. మళ్ళీ నా వైపు చూశారు.

"కోడలు కూడా వస్తుందండీ. దానికి గాజులు కొనాలి."

పెరటి గుమ్మంలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "అయితే నానూ వస్తాను. నాకు సుట్టలైపోనాయి."

మర్నాడు జీపులో మామయ్య ముందు కూర్చున్నారు. వెనక నేనూ అత్తయ్యా. కంది ఊరు దాటేదాకా మామయ్య కండువా మడతలు సర్దుకుంటూనే ఉన్నారు. అత్తయ్య సంగతి మామూలే. ఆ చలికాలం నుంచీ ఆవిడ మాటలు బాగా తగ్గించారు. వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, ఏమడిగినా మూసిన నోటితో ఊఁ అంటున్నారు. వయసు మీద పడుతోందనుకున్నాను.

సోమేశ్వర్ సేఠుది కిరాణా కొట్టు. ముందు పప్పులూ బెల్లమూ, వెనక గదిలో ఎవరికీ అక్కర్లేని పాత సామాను. సేఠు మమ్మల్ని వెనక గదిలో కూర్చోబెట్టి, నీళ్ళు తెచ్చి బెల్లం బస్తా మీద పెట్టాడు. చూసేసరికి నా ప్రాణం లేచి వచ్చింది. ఇత్తడి చెంబు, దాని మీద బోర్లించిన గాజు గ్లాసు. మామయ్య కూడా చూశారు. భుజాలు కాస్త పైకి లేచాయి.

"ఇగో, ఇది మొదటిది" అన్నాడు సేఠు ఒక చెక్కపెట్టె తీసి. "నవాబు దేవిడీలది, ఆయన బంగ్లలది. నవాబ్ సాబ్ పోయిండు. కొడుకులు పంచుకునుడు మొదలువెట్టిండ్రు. ఒకడు తుపాకి తీసుకపోయిండు, ఒకడు గడియారం తీసుకపోయిండు. గీ చుట్టలు మాకొద్దన్నరు. నేను తెచ్చిన. అడుగున సూడుండ్రి సార్, కరోడ్‌గిరి ముద్ర. నిజాం సర్కారు బయటి సామానుకు పన్ను తీసుకుని కొట్టిన ముద్ర గది. సాలు సుత ఉన్నది. పదమూడు వందల యాభై రెండు."

రాజారావు గారు పెట్టెను దూరంగా జరిపారు. "అంటే ఆరు వందల ఏళ్ళ కిందటిదా? అప్పటికి ఇక్కడ పొగాకే లేదు కదయ్యా."

"ఫసలీ సాలు సార్, నిజాం సర్కారు లెక్క. మీ లెక్కకు రావాల్నంటే ఐదు వందల తొంభై కలుపుండ్రి."

రాజారావు గారు వేళ్ళ మీద కలుపుకున్నారు. "నలభై రెండు. ఇరవై ఎనిమిదేళ్ళు. అదీ ఫరవాలేదు."

"ఏళ్ళు కలిపితే వయసు తగ్గడం ఇక్కడే సూస్తన్నాను" అన్నారు అత్తయ్య.

సేఠు రెండో పెట్టె తీశాడు. "ఇది సికింద్రాబాద్‌ల ఒక రైల్వే ఆయన దగ్గర కొన్న. ఓడల వచ్చిందంట. జెర మెరుపు సూడుండ్రి, బంగారం లెక్క ఉన్నది."

రెండో పెట్టెలో చుట్టలు నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. ఒక్కొక్కదాని నడుముకీ బంగారు రంగు కాగితపు పట్టీ ఉంది. పెళ్ళికొడుకుల బారులా ఉన్నాయి. మొదటి పెట్టెలోవి ఎండిపోయిన మట్టి రంగులో ఉన్నాయి. పైగా ఆకు మీద సన్నటి తెల్లటి పొడి. మా లంకల్లో ఆకు మీద తెల్లటిది కనపడితే బూజు పట్టిందని ఆ కట్ట తీసి గట్టవతల పారేస్తారు.

మామయ్య మొదటి పెట్టెలోంచి ఒకటి తీసుకున్నారు. ముక్కు ఒకటి తప్ప అన్నీ వాడారు. చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళ మధ్య తిప్పి చప్పుడు విన్నారు. బొటనవేలితో నొక్కి, అది మళ్ళీ పైకి లేస్తుందో లేదో చూశారు. ఈనె ఎంత లావుందో వెలుతురుకు పట్టి చూశారు. అరచేతిలో పెట్టుకుని తూచారు. సేఠును గది తలుపు ఏ దిక్కుకుందో, వానకు కారుతుందో లేదో అడిగారు.

"ఏంది సార్, చుట్ట కొంటున్నరా, ఇల్లు కిరాయికి తీసుకుంటున్నరా?" అన్నాడు సేఠు.

"వాసన చూడండి మరి" అన్నారు రాజారావు గారు. ఆయన అప్పటికే రెండు సార్లు గడియారం చూసుకున్నారు.

మామయ్య చుట్ట ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

పెట్టె మూత తెరిచే ఉంది కాబట్టి వాసన నాకూ వచ్చింది. పాత చెక్క వాసన. గుర్రం జీను లాంటి తోలు వాసన. ఎక్కడో అడుగున ఎండు ద్రాక్ష. నది వాసన లేదు, ఒండ్రు వాసన లేదు, గాటు లేదు. ఇది పొగాకని చెప్పకపోతే ఎవరో చనిపోయినాయన ట్రంకు పెట్టె అనుకునేదాన్ని. రెండోదాని వాసన దాని పక్క నుంచే వస్తోంది. అది పీల్చగానే మా ఊరి పందిళ్ళు కళ్ళ ముందు నిలిచాయి. ఇంకేముంది, నా తీర్పు అయిపోయింది. మొదటిది నాసి. గ్లాసు అందుకోవాలి.

చెయ్యి చాపాను. నా వేళ్ళు గ్లాసుకు జానెడు దూరంలో ఉండగా అత్తయ్య లేచారు. గ్లాసు తీసి బెల్లం బస్తా అవతల బోర్లించారు. చెంబు ఎత్తి, తల వెనక్కి వంచి, గటగట చప్పుడయ్యేలా నీళ్ళు గొంతులో పోసుకున్నారు. ఆ చప్పుడుకు మామయ్య కన్ను తెరుచుకుంది.

ఆయన చెంబును చూశారు. గాల్లో ఆగిపోయిన నా చేతిని చూశారు. గ్లాసు కోసం చూశారు, కనపడలేదు. నేను మొహంతో ఏదో చెప్పబోయాను గానీ, నా మొహం ఎప్పుడూ ఏమీ చెప్పదని మా ఆయన కూడా అంటుంటారు. మామయ్య కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చారు.

"మేలిమండీ" అన్నారు. "చుట్టంటే ఇదండీ."

"ఆ తెల్లటి పొడి ఏమిటండీ? బూజు కాదు కదా?" అన్నారు రాజారావు గారు.

"బూజైతే పచ్చగా ఉంటుంది, వేలికి అంటుతుంది. ఇది ఆకు చెమటండీ. ఏళ్ళ తరబడి ఒత్తుకుని పడుకున్న ఆకులో సారం చెమటలా పైకొచ్చి ఆరిపోతుంది. వయసు రాని ఆకుకు ఆ చెమట పట్టదు."

ఆ మాటలు ఆయన ఆ క్షణంలో పుట్టించారు. నాకు తెలుసు. బూజు పట్టిన కట్టలు ఆయనే ఎన్ని పారేయించారో చాలాసార్లు విన్నాను.

రెండో చుట్ట ముక్కు దగ్గరకు వెళ్ళేలోపే అత్తయ్య బస్తా అవతల నుంచి గ్లాసు తీసి, నీళ్ళు పోసి సేఠు చేతికిచ్చారు. "తాగు సేఠూ. ఇందాకట్నుంచీ మాట్లాడతన్నావు."

"నాసి" అన్నారు మామయ్య. "మెరిసేదంతా పైపూత."

సేఠు మొహం వాడిపోయింది. రాజారావు గారు మొదటి పెట్టెను పసిబిడ్డలా ఎత్తుకుని జీపు దగ్గరకు వెళ్ళారు. మామయ్య కండువా దులుపుకుని ఆయన వెనకే నడిచారు. గెలిచిన మనిషి నడకే గానీ, గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చెంబును చూశారు.

అత్తయ్య మాత్రం కదల్లేదు. రెండో పెట్టెలోంచి ఒక చుట్ట తీసి, కొస కొరికి, అగ్గిపుల్లతో అంటించి, తిరగేసి నోట్లో పెట్టుకున్నారు.

"అరె, అరె, అమ్మా" అన్నాడు సేఠు. "ఉల్టా వెట్టినవ్. నిప్పు లోపటికి పోయింది."

అత్తయ్య పెదవులు బిగించి రెండు పీల్పులు పీల్చారు. ఆవిడ కళ్ళు సగం మూతపడ్డాయి. తర్వాత చుట్ట బయటికి తీసి, దాని కాగితపు పట్టీ ఊడదీసి సేఠు అరచేతిలో పెట్టారు.

"ఇది నీ ఓడలోది. ఇది ఉంచుకో. ఆకు మాత్రం గోదారి లంకది. బెల్లపునీళ్ళు జల్లి, కొబ్బరినూనె రాసేరు."

"నాకేం ఎరుక అమ్మా. ఓడల వచ్చిందన్నడు, నేను కొన్న." సేఠు గొంతు తగ్గించాడు. "సార్‌కు చెప్పకుండ్రి. స్టోర్సు ఆఫీసరు నా దగ్గర సామాను కొనుడు బందు చేస్తడు. పరేషాన్ అయిత."

"ఎందుకు సెప్తాను. ముక్కుగోరు నాసన్నారు కదా, మరింకెవరు కొంటారు నీ దగ్గర. పెట్టె ఇలాగియ్యి."

పట్టీలన్నీ సేఠు దగ్గరే వదిలేసి, పెట్టె చంకన పెట్టుకుని వచ్చారు. నా గాజుల సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఇంటికొచ్చాక పెరట్లో అంట్లు వేసుకుని కూర్చున్నాను. అత్తయ్య వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నారు.

"దాహమేసిందా అత్తయ్యా అక్కడ?" అన్నాను.

"ఆ ఇత్తడి సెంబు సింతపండెట్టి తోమేది ఎవరు?"

"మీరే."

"తోమేదాన్ని నాను. అది ఎప్పుడు బయటికెల్తాదో, ఎందుకెల్తాదో నాకు తెల్దేటి? పాలు మాడిన రోజు పెరట్లోంచి అరిసింది నాను. పక్కనే కూకున్న మనిసి కదల్లేదు. ఆ రోజే వంటింట్లోకి పీటేసుకున్నాను."

అప్పుడు నాకు మూసిన నోరూ ఊఁలూ అర్థమయ్యాయి. ఆ చలికాలం నుంచీ అత్తయ్య చుట్ట వంటింట్లోనే కాలుస్తున్నారు. నిప్పు లోపల. పొగ కనపడితే బొగ్గుల పొయ్యిదనుకునేవారు మామయ్య, వాసన వస్తే వరండా చుట్టలదనుకునేదాన్ని నేను. ముక్కుండి ఉంటే అటు గోడ పక్కన కూడా కాల్చనిచ్చేవారు కాదు.

"మరి మొదటి పెట్టె మంచిదని మీకెలా తెలిసింది?"

"నాకేటి తెలుసు. సచ్చిన గుర్రం కంపు కొట్టింది. నీ సెయ్యి గ్లాసు మీదికెల్తంది. నువ్వు గ్లాసందుకుంటే ఆయన రెండోదాన్ని మేలిమనేవోడు. మంచి ఆకంతా ఆ దేశంకాని దేశం వోడి పాలయ్యేది. నానేటి కాల్సాలి?"

"మొదటిది నిజంగా పాడైందైతే మామయ్య పరువేం కాను?"

అత్తయ్య నా వైపు తిరిగి చూశారు. ఆ సంగతి ఆవిడకు అప్పుడే తట్టినట్టుంది.

"ఇన్నాళ్ళూ గోనెసంచి కప్పుకుని కూకున్నాను. ఒకపాలి ఆయన్ని తడవనీ" అన్నారు.

విదేశీ ఇంజనీరుకు విందు జరిగేదాకా మామయ్య సరిగ్గా అన్నం తినలేదు. ఉప్పు లేదంటారేమోనని నేను రెండుసార్లు రుచి చూసి పెట్టినా అంతే. వరండాలో బెంచీ వాళ్ళు వచ్చి సంగారెడ్డి విశేషాలు అడిగితే, ముందు ఆ ఇంజనీరు నోటి నుంచి మాట రానివ్వండి అనేవారు. ఒకసారి నా దగ్గరకొచ్చి, కిటికీ వైపు చూస్తూ అన్నారు.

"కనకం, ఆ తెల్లది... మన వైపైతే ఏమనేవారో?"

"చెమట అనేవారు మామయ్యా" అన్నాను. ఆయన నా మొహం చూసి వరండాలోకి వెళ్ళిపోయారు.

విందు మర్నాటి సాయంత్రం బెంచీ నిండా జనం ఉండగా రాజారావు గారు వచ్చారు. ఎప్పుడూ లేనిది మామయ్య మోకాళ్ళకు వంగి దండం పెట్టబోయారు. మామయ్య భయంతో వెనక్కి జరిగారు, తంతారనుకున్నారేమో.

"పెట్టె తెరవగానే ఆ ఇంజనీరు ఆ తెల్లటి పొడి చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడండీ. వేలితో తుడిచి, వాసన చూసి, అది బాగా ముదిరిన సిగారుకు తప్ప రాదని పెద్ద దొరగారికి పాఠం చెప్పాడు. పెద్ద దొరగారు నన్ను పిలిచి, ఎవరయ్యా ఏరింది అన్నారు. మీరు చెప్పిన చెమట సంగతి చెప్పాను. అదే, అదే అన్నాడండీ ఇంజనీరు. మీ పేరు రాసుకున్నాడు."

బెంచీ మీద వాళ్ళు మామయ్యను కొత్తగా చూశారు. ఒకాయన లేచి చోటిచ్చాడు, అది మామయ్య ఇల్లే అయినా. మామయ్య నెమ్మదిగా కండువా సర్దుకున్నారు. ముక్కు చివర ఒకసారి తడుముకున్నారు.

"ఆకు అబద్ధం చెప్పదండీ" అన్నారు. "మనిషి ముక్కు..."

అంతలో అత్తయ్య లోపల నుంచి వచ్చారు. పెరట్లోకి కాదు, వరండాలోకి. మెట్టు మీద, మామయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నారు. రెండో పెట్టెలోని చుట్ట తీసి, అందరి ముందూ వెలిగించి, తిరగేసి, నిప్పు నోట్లో పెట్టుకున్నారు.

బెంచీ మీద వాళ్ళు ముందుకు వంగారు. ఆ వరండాలో అంతకు ముందు అడ్డపొగ ఎవరూ చూడలేదు. అత్తయ్యను పెరట్లోకి ఎందుకు తరిమారో మాత్రం అందరికీ కథలుగా తెలుసు. మామయ్య మొహం ఎర్రబడింది. నోరు తెరిచారు.

అత్తయ్య తలెత్తి చూడలేదు. గుమ్మం పక్కనున్న ఇత్తడి చెంబును వేళ్ళతో పట్టుకుని, తన వైపు కొంచెం జరుపుకున్నారు. దాని పక్కన గాజు గ్లాసును కూడా జరుపుకున్నారు. రెండూ వరసగా, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, వాటి మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

మామయ్య ఆ రెంటినీ చూశారు. సంగారెడ్డిలో గటగట చప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఆయన మొహంలో ఎరుపు కిందికి దిగడం నేను గుమ్మంలోంచి చూశాను, బాటిల్లో నూనె తగ్గినట్టు.

"ఎండలు ముదిరాయి కదండీ" అన్నారు చివరికి. "పెరట్లో వేడి. నేనే ఇక్కడికి రమ్మన్నాను."

"వాసన మీకు పడదు కదండీ" అన్నాడు చోటిచ్చినాయన.

"ఏ వాసనండీ? లంకాకు, మంచి ఆకు. ఏ ఆకు ఎలా కాల్చినా ఆకు ఆకే" అన్నారు మామయ్య.

అత్తయ్య పెదవుల మధ్య నుంచి పొగ సన్నగా పైకి లేచి మామయ్య ముక్కు మీదుగా పోయింది. ఆయన కనురెప్ప కూడా కదల్లేదు.

రాజారావు గారు జేబులోంచి ఒక చుట్ట తీసి రెండు చేతులతో ఇచ్చారు. వాళ్ళ మామగారు పంపారట. మామయ్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఒక కన్ను కొంచెం తెరిచే ఉంచారు. ఆ కన్ను ఇప్పుడు గుమ్మంలో ఉన్న నా మీద లేదు, మెట్టు మీద ఉంది.

అత్తయ్య నోటి నిండా నిప్పుంది, మాట్లాడలేరు. గాలి ఒకసారి పీల్చి, కాసేపు ఆలోచించి, గ్లాసును నా వైపు తోశారు.

నేను గ్లాసు తీసుకుని మజ్జిగకు లోపలికి వెళ్ళాను. నేను తిరిగి రాకముందే వరండాలోంచి మామయ్య గొంతు వినిపించింది.

"మీ మామగారితో మీకేమైనా గొడవలున్నాయాండీ?"